ఏజ్ పెన్షన్ ఆస్తి లెక్క: ఇంటి విలువ ఎక్కువ పడిందనిపిస్తే ఎలా సవాలు చేయాలి?

వెర్రిబీ_వాసి:

మెల్‌బోర్న్‌లో ఉండే అమ్మానాన్నల ఏజ్ పెన్షన్ (ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) గురించి అడుగుతున్నాను. ఇద్దరికీ 67 దాటాయి. ఉంటున్నది సొంతిల్లే, అది లెక్కలోకి రాదని తెలుసు. మిగతావి ఇవీ:

అద్దెకిచ్చిన ఒక యూనిట్ (ఫ్లాట్ లాంటి ఇల్లు). పెన్షన్ ఆఫీసు నుంచి వచ్చిన తాజా లెటర్‌లో దాని విలువ 5,20,000 డాలర్లు అని ఉంది. ఇద్దరు ఏజెంట్లను అడిగితే 4,55,000కి మించి రాదంటున్నారు. దాని మీద బ్యాంకు లోను ఇంకా 60,000 ఉంది.

కూకట్‌పల్లిలో ఫ్లాట్, నాన్న పేరు మీద. క్లెయిమ్ (పెన్షన్ దరఖాస్తు) వేసిన రోజుల్లో తోచిన అంకె వేసి కోటీ 14 లక్షల రూపాయలని రాశాం. రిజిస్ట్రేషన్ విలువ చూస్తే 70 లక్షలే.

గుంటూరు జిల్లాలో తాతగారి నాటి పొలం 2 ఎకరాలు. ముగ్గురు అన్నదమ్ములు, ఇంకా పంచుకోలేదు. ఫారంలో మాత్రం మొత్తం 60 లక్షలు నాన్న ఖాతాలోనే రాశాం.

బ్యాంకు, సూపర్ (రిటైర్మెంట్ నిధి), కారు అన్నీ కలిపి 1,50,000 డాలర్లు.

లెటర్ వచ్చి ఐదు వారాలైంది. ఎక్కడ మొదలుపెట్టాలి? సొంత ఖర్చుతో వాల్యూయర్‌ని (ఆస్తి విలువ కట్టే నిపుణుణ్ణి) పెట్టుకోవడం దండగా?

---

లెక్కల_పంతులు:

వాల్యూయర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ పేరెంట్స్ పెన్షన్‌ని కోస్తున్నది ఏ టెస్టో చూడండి. ఇన్‌కమ్ టెస్ట్, అసెట్స్ టెస్ట్ రెండూ కడతారు, ఏది తక్కువ పెన్షన్ ఇస్తే అదే ఖాయం. కోత పడుతున్నది ఇన్‌కమ్ టెస్ట్ వల్లయితే యూనిట్ విలువను లక్ష తగ్గించినా ఒక్క డాలరు కదలదు. పెన్షన్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ సర్వీసెస్ ఆస్ట్రేలియాకి ఫోన్ చేసి అడిగితే చెబుతారు. సీనియర్ల లైన్ 132 300. తెలుగులో మాట్లాడాలంటే 131 202, ఇంటర్‌ప్రెటర్‌కి డబ్బు కట్టక్కర్లేదు.

మీ అంకెలు చూస్తే అసెట్స్ టెస్టే పట్టుకున్నట్టుంది. 2025 జూలై 1 నుంచి సొంతిల్లున్న జంటకు పూర్తి పెన్షన్ పరిమితి 4,81,500 డాలర్లు. దాని పైన ప్రతి 1,000 డాలర్లకు జంట పెన్షన్‌లో పక్షానికి 3 డాలర్లు పోతాయి. డాలరు 57 రూపాయలనుకుని మీ లెక్క వేస్తే:

యూనిట్, లోను తీసేసి 4,60,000. ఫ్లాట్ 2,00,000. పొలం సుమారు 1,05,000. మిగతా 1,50,000. వెరసి 9,15,000. పరిమితి పైన 4,33,500, కోత పక్షానికి దాదాపు 1,300.

ఇప్పుడు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. యూనిట్ విలువ 4,55,000కి దిగితే 65,000 తేడా, అంటే పక్షానికి 195 డాలర్లు, ఏడాదికి 5,070. పొలంలో నాన్నగారి వాటా మూడోవంతు మాత్రమే అని దిద్దితే 70,000 తగ్గి పక్షానికి 210. అంటే మీరు వాల్యూయర్‌తో పోట్లాడబోయే విషయం కంటే, మీ ఫారంలో మీరే రాసుకున్న తప్పు ఖరీదైంది! దానికి వాల్యూయర్ అక్కర్లేదు, కాగితాలుంటే చాలు.

అందుకే నేనెప్పుడూ చెప్పేది: "విలువ తప్పు" అనడానికి ముందు వాటా, అప్పు, విస్తీర్ణం, తేదీ అనే నాలుగూ సరిచూడండి. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

అప్పు దగ్గర జాగ్రత్త. ఆ ఆస్తి మీదే తాకట్టు ఉన్న అప్పునే తీసేస్తారు. యూనిట్ కొనడానికి తీసుకున్న లోనే అయినా, బ్యాంకు మీ సొంతింటిని మాత్రమే తాకట్టు పెట్టుకుంటే యూనిట్ విలువలోంచి పైసా తగ్గదు. రెండూ తాకట్టులో ఉంటే వాటి విలువల నిష్పత్తిలో పంచుతారు: ఇల్లు 7,00,000, యూనిట్ 4,55,000 అయితే 60,000లో యూనిట్‌కి వచ్చేది సుమారు 23,600 మాత్రమే. లోను కాగితాల్లో "సెక్యూరిటీ" అన్న చోట ఏ చిరునామాలున్నాయో చూడండి. లెటర్‌లో 60,000 పూర్తిగా తీసేశారనుకోకండి, అది కూడా అడిగి తెలుసుకోండి.

ఇక గడువు. నిర్ణయం తెలిపిన లెటర్ అందాక 13 వారాల్లోపు రివ్యూ కోరితే, గెలిచినప్పుడు ఆ నిర్ణయం తేదీ నుంచే బకాయి వస్తుంది. 13 వారాలు దాటాక కూడా కోరవచ్చు, కానీ డబ్బు మీరు కోరిన రోజు నుంచే. మీకింకా ఎనిమిది వారాలున్నాయి. వాల్యుయేషన్ రిపోర్టు చేతికొచ్చాక అడుగుదామని ఆగకండి. ఈ వారమే రివ్యూ అడగండి, రుజువులు తర్వాత పంపుతామని రాయండి.

ఒక మెలిక ఉంది. పొలం, ఫ్లాట్ అంకెలు మీరు క్లెయిమ్‌లో ఇచ్చినవి. క్లెయిమ్ మంజూరైన పాత నిర్ణయం 13 వారాలు దాటి ఉంటే, అక్కడిదాకా వెనక్కి వెళ్ళి బకాయి రావడం కష్టం. తాజా లెటర్ తేదీ నుంచి మాత్రం అడగవచ్చు. రివ్యూ అభ్యర్థనలో మూడు ఆస్తులనూ పేరుపేరునా రాయండి. "యూనిట్ విలువ ఎక్కువ" అని ఒక్కటే రాస్తే అధికారి ఆ ఒక్కటే చూసి మూసేసే అవకాశం ఉంది.

ఫోన్‌లో అడగవచ్చు, ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, కాగితం మీద ఇవ్వవచ్చు. ఫోన్‌లో అయితే ఒక మాట పట్టి పట్టి చెప్పాలి: "నాకు ఎక్స్‌ప్లనేషన్ మాత్రమే కాదు, ఫార్మల్ రివ్యూ కావాలి." లేకపోతే వివరించి పెట్టేస్తారు, మీరు రివ్యూ నడుస్తోందనుకుంటారు, వారాలు కరిగిపోతాయి. రసీదు నంబరు, తేదీ రాసుకోండి. ఫైలు ఆథరైజ్డ్ రివ్యూ ఆఫీసర్ (ఏఆర్ఓ) దగ్గరికి వెళ్తుంది. మొదటి నిర్ణయంతో సంబంధం లేని అధికారి అన్నమాట.

---

తూనిక_రాయి:

యూనిట్ వాల్యుయేషన్ సంగతి నేను చెబుతాను.

ముందు ఆ 5,20,000 ఎలా వచ్చిందో కనుక్కోండి. వాల్యూయర్ లోపలికి వచ్చి కొలిచాడా, రోడ్డు మీంచి చూసి వెళ్ళాడా, బల్ల దగ్గర కూర్చుని డేటాతో కట్టాడా? రిపోర్టు కాపీ అడగండి. ఇవ్వకపోతే 1982 నాటి ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సొంత ఫైలుకి ఫీజుండదు, సాధారణ గడువు 30 రోజులు. ఇది కూడా రివ్యూతో పాటే మొదలవ్వాలి.

రిపోర్టు వచ్చాక చూడవలసినవి: పడకగదులు, బాత్రూములు సరిగ్గా ఉన్నాయా. కార్ పార్కింగ్ టైటిల్‌లో ఉన్నదా, వాడుకునే హక్కు మాత్రమేనా. స్థలం విస్తీర్ణం యూనిట్‌దా, మొత్తం బ్లాకుదా. పోలికకు తీసుకున్న అమ్మకాలు ఎప్పటివి, ఎంత దూరంలోవి. వేరే బ్లాకులో కొత్తగా కట్టిన టౌన్‌హౌస్‌ని పాతికేళ్ళ యూనిట్‌తో పోల్చడం మామూలుగా కనిపించే పొరపాటు. బయటినుంచి చూసినవాడికి గోడ పగుళ్ళు, చెమ్మ, పాత వంటగది కనబడవు, సగటు స్థితిలో ఉందనుకుని కడతాడు. ఫోటోలు తేదీతో తీసి, మరమ్మత్తుకు రాతపూర్వక కొటేషన్ జతచేయండి. ఓనర్స్ కార్పొరేషన్ (బ్లాకు యజమానుల సంఘం) ఏదైనా స్పెషల్ లెవీ (అదనపు వసూలు) వేసి ఉంటే, బయటి గోడల క్లాడింగ్ సమస్య ఉంటే, ఆ నోటీసు చాలా బలమైన కాగితం. కొనేవాడు మొదట బేరమాడేది దాని మీదే కదా.

ఏజెంట్ల అంచనా లెటర్లు పనికిరావని కాదు, కానీ బరువు తక్కువ. ఇల్లు అమ్మకానికి తెచ్చుకోవడానికి పెంచి చెప్పేవాళ్ళూ ఉంటారు, అడిగినవాళ్ళ మొహం చూసి తగ్గించేవాళ్ళూ ఉంటారు, రివ్యూ అధికారికి అది తెలుసు. ఏజెంటు లెటర్ ఇస్తే అందులో కనీసం మూడు వాస్తవ అమ్మకాలు చిరునామా, తేదీ, ధరతో ఉండాలి. ప్రకటన ధర కాదు, అమ్ముడైన ధర. "4,30,000 నుంచి 4,70,000 మధ్య" అని రేంజ్ రాయించుకుంటే పై అంకె మీదే కళ్ళు పడతాయి, ఒక్క అంకె రాయించండి.

కౌన్సిల్ రేట్స్ (ఇంటి పన్ను) నోటీసు పెడదామనుకుంటారు. విక్టోరియాలో (మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రం) క్యాపిటల్ ఇంప్రూవ్డ్ విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ, ఏటా జనవరి 1 నాటికి కడతారు, అది తోడు రుజువుగా పనికొస్తుంది తప్ప నిర్ణయం తేదీ నాటి మార్కెట్ ధర కాదు. న్యూ సౌత్ వేల్స్ నోటీసులో ఉండేది కేవలం స్థలం విలువ, దాన్ని ఇంటి విలువగా పెడితే నవ్వుతారు. బ్యాంకు వాల్యుయేషన్ బ్యాంకు కోసం చేసింది, మీరు వాడుకోవడానికి వీల్లేదని దాని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది.

సొంత వాల్యూయర్ దండగా అన్నారు. ఖర్చు కొన్ని వందల డాలర్లు, పోగొట్టుకుంటున్నది ఏడాదికి 5,000 పైన. ఆ లెక్క మీకే తెలుస్తోంది. కానీ తేడా 10,000 డాలర్లే అయితే పెట్టుకోవద్దు. పక్షానికి 30 డాలర్ల కోసం రిపోర్టు కొన్నాక, రివ్యూ అధికారి రెండు రిపోర్టులూ మామూలు తేడాలోనే ఉన్నాయంటే చేయగలిగింది తక్కువ. పెట్టుకుంటే ఆస్ట్రేలియన్ ప్రాపర్టీ ఇన్‌స్టిట్యూట్ వారి సర్టిఫైడ్ ప్రాక్టీసింగ్ వాల్యూయర్‌ని పెట్టుకోండి. ఆర్డరిచ్చేటప్పుడే రెండు మాటలు రాతలో చెప్పండి: ప్రయోజనం పెన్షన్ ఆస్తి మదింపు, విలువ కట్టాల్సిన తేదీ లెటర్‌లోని నిర్ణయం తేదీ. ఈ రెండో మాట మరిచిపోయి ఈరోజు తేదీతో రిపోర్టు తెస్తే "అప్పటికి మా అంకె సరైనదే, తర్వాత ధర పడింది" అంటారు.

అది వేరే దారి కూడా. విలువ అప్పుడే తప్పు అంటే రివ్యూ. అప్పుడు సరైనదే, తర్వాత తగ్గిందంటే కొత్త విలువ తెలియజేయడం, మార్పు ఇక ముందుకే వర్తిస్తుంది. రెండిటినీ ఒకే లెటర్‌లో కలిపి రాయకండి.

ఇంకొకటి. రివ్యూలో విలువ పెరగవచ్చు కూడా. పోలిక అమ్మకాలు ముందే మీరు ఒకసారి వెతికి చూసుకోండి.

---

ఈసీ_అడంగల్:

ఇండియా ఆస్తుల మీద రెండు ముక్కలు.

మన దగ్గర "మార్కెట్ విలువ" అనే మాటే తిరకాసు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే మార్కెట్ విలువ ధ్రువపత్రంలో ఉండేది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం నిర్ణయించిన కనీస ధర. తెలంగాణలో 2022 ఫిబ్రవరి 1న, ఆంధ్రాలో 2025 ఫిబ్రవరి 1న సవరించారు, సవరణకూ సవరణకూ మధ్య అది గడ్డకట్టి ఉంటుంది. ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇస్తే చదివిన అధికారి అదే అసలు ధర అనుకోవచ్చు. అప్పటికి పని జరిగినట్టే ఉంటుంది. రేపు ఫ్లాట్ 95 లక్షలకు అమ్మి డబ్బు ఆస్ట్రేలియా ఖాతాకు వచ్చిననాడు వెనక్కి తిరిగి లెక్క వేస్తారు, ఎక్కువ ఇచ్చినదంతా అప్పుగా మీ మీద రాస్తారు. 70 లక్షలు పెట్టకండి. చట్టం చూసేది ఇష్టపడి కొనేవాడు ఇచ్చే ధరనే.

అయితే కోటీ 14 లక్షలు కూడా అక్కర్లేదు. ఆన్‌లైన్ సైట్లలో చదరపు అడుగు రేటు చూసి ఫ్లాట్ విస్తీర్ణంతో గుణించి ఉంటారు. అక్కడ చూపేది అడిగే ధర. పైగా ఆ రేటు సూపర్ బిల్టప్ మీదా, కార్పెట్ మీదా అన్నది చూడకుండా గుణిస్తే పాతిక శాతం తేడా ఇట్టే వచ్చేస్తుంది. పాత అపార్ట్‌మెంట్‌లో అసలు విలువ భూమిలో మీకొచ్చే అవిభాజ్య వాటాది. సేల్ డీడ్‌లో ఎన్ని గజాలో చూడండి. 30 గజాల వాటాకీ 50 గజాల వాటాకీ ధర ఒకటి కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోవడం, ప్లాన్‌కి మించి అంతస్తు వేయడం లాంటివి ఉంటే బ్యాంకు లోను రాక కొనేవాళ్ళు తగ్గుతారు, ఆ సంగతి రిపోర్టులోకి రావాలి.

రిపోర్టు ఎవరిచేత? కంపెనీల చట్టం కింద ఐబీబీఐలో (వాల్యూయర్లను నమోదు చేసే కేంద్ర సంస్థ) నమోదైన ల్యాండ్ అండ్ బిల్డింగ్ రిజిస్టర్డ్ వాల్యూయర్‌ చేత. బ్యాంకు ప్యానెల్‌లో ఉండేవాళ్ళు చాలామంది వాళ్ళే. రిపోర్టు ఇంగ్లీషులోనే, నమోదు సంఖ్య, సైటు చూసిన తేదీ, ఫోటోలు, పోలిక అమ్మకాలతో అడగండి. మనవాళ్ళు అలవాటుగా "ఫెయిర్ మార్కెట్ వాల్యూ, డిస్ట్రెస్ వాల్యూ, గైడ్‌లైన్ వాల్యూ" అని మూడు అంకెలు వేస్తారు. మీకు కావలసింది మొదటిదే. డిస్ట్రెస్ అంకె (అత్యవసరంగా అమ్మితే వచ్చే ధర) పట్టుకుని వాదించకండి. విలువ రూపాయల్లోనే రాయండి, డాలర్లలోకి మార్చేది వాళ్ళు. రిపోర్టు 95 లక్షలని తేలితే సుమారు 33,000 డాలర్లు తగ్గి, పక్షానికి ఇంకో 100 డాలర్లు.

పొలానికి: పట్టాదారు పాస్‌బుక్, అడంగల్, 1బీ (రెవెన్యూ రికార్డు నకళ్ళు) తీయించండి. తాతగారి పేరే ఉంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం కలపాలి, వారసులు ముగ్గురే అని తేలేది వాటితోనే. అత్తలు ఉన్నారా? కూతుళ్ళకూ వాటా ఉంటుంది, అప్పుడు మూడోవంతు కూడా కాదు. "మేమంతా మాటగా అనుకున్నాం" అంటే కుదరదు. తెలుగు కాగితాల అనువాదం సర్వీసెస్ ఆస్ట్రేలియానే ఉచితంగా చేయిస్తుంది, కానీ అడంగల్‌లో సెంట్లు, ఎకరాలు అనువాదంలో తారుమారవుతుంటాయి. పైన ఒక ఇంగ్లీషు పేజీ పెట్టి "1 ఎకరం = 100 సెంట్లు, 1 హెక్టారు = 2.47 ఎకరాలు" అని మీరే రాసివ్వండి. కౌలు వస్తుంటే అది ఆదాయం కింద చెప్పాలి, చిన్నాన్న తింటున్నా నాన్నగారి వాటా ఎంతని అడుగుతారు.

పొలం 22-ఏ నిషేధ జాబితాలో ఉందేమో చూశారా? ఉంటే రిజిస్ట్రేషనే జరగదు, పక్క పొలం ధర దీనికి కట్టడం తప్పు. జాబితా ప్రింటు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రెండూ జతచేయండి.

అప్పులకి కూడా ఇదే లెక్క. ఫ్లాట్ మీద బ్యాంకు లోనుంటే టైటిల్ డీడ్స్ డిపాజిట్ మెమోరాండం ఈసీలో కనబడుతుంది, అది తీసేస్తారు. ప్రామిసరీ నోటు మీద బావమరిది దగ్గర తెచ్చిన 20 లక్షలు ఎంత నిజమైనా తీయరు, ఆస్తి మీద తాకట్టు లేదు కాబట్టి.

(సరదాకి ఒక తేడా: ఆంధ్రాలో సామాజిక పింఛన్‌కి పెట్టిన నిబంధన విలువ చూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు అని విస్తీర్ణం చూస్తుంది. అక్కడ గొడవంతా సర్వే నంబర్ల మీదే. ఇక్కడికొచ్చాక అదే పొలానికి రూపాయల గొడవ.)

---

వెర్రిబీ_వాసి:

చాలా థాంక్సండి. అత్త ఒకరున్నారు, అది మాకు తట్టనే లేదు. అంటే వాటా పావు. రెండు సందేహాలు. ఫ్లాట్ నా పేరు మీద గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేయిస్తే ఈ బాధ పోతుందా? నాన్నకి ఫోన్‌లో మాట్లాడటం కష్టం, నేను మాట్లాడవచ్చా?

---

లెక్కల_పంతులు:

గిఫ్ట్ చేస్తే బాధ పెరుగుతుంది. ఆర్థిక సంవత్సరానికి 10,000, అయిదేళ్ళలో మొత్తం 30,000 డాలర్లు దాటిన దానం అయిదేళ్ళపాటు వాళ్ళ ఆస్తిగానే లెక్కలో ఉంటుంది. పైగా ఆస్తి లేకపోయినా దాన్ని ఆర్థిక ఆస్తిగా చూసి డీమింగ్ ఆదాయం (వచ్చినట్టు ఊహించి వేసే ఆదాయం) కూడా కడతారు. ఇప్పుడు ఫ్లాట్ మీద ఆ డీమింగ్ లేదు. చుట్టాలకి తక్కువ ధరకు అమ్మినా అంతే, తేడా దానమే.

మాట్లాడటానికి ఎస్ఎస్313 ఫారం వేయండి. అడిగి తెలుసుకునే అనుమతి వేరు, వాళ్ళ తరఫున పనిచేసే నామినీ వేరు. రివ్యూ కోరాలంటే రెండోది పెట్టుకోవడం మేలు. అమ్మకి, నాన్నకి వేర్వేరు ఫారాలు. ఇద్దరి పెన్షన్‌కీ లెక్క ఒకటే కాబట్టి ఒకరి తరఫునే రివ్యూ వేసి ఊరుకోకండి, ఇద్దరి పేర్లూ రాయండి.

అత్త వాటా తేలితే పొలం 15 లక్షలు, సుమారు 26,000 డాలర్లు.

---

తూనిక_రాయి:

రివ్యూ అధికారి కాదంటే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ ఉంది. 2024 అక్టోబర్ 14 నుంచి పాత అప్పీల్స్ ట్రిబ్యునల్ స్థానంలో వచ్చింది. సెంటర్‌లింక్ (సర్వీసెస్ ఆస్ట్రేలియాలో పెన్షన్లు చూసే విభాగం) కేసులకు దరఖాస్తు ఫీజు లేదు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఉచితం. ఏఆర్ఓ నిర్ణయం దాటకుండా నేరుగా అక్కడికి వెళ్ళడం కుదరదు. ఇక్కడా 13 వారాల లెక్కే. అక్కడా ఓడితే రెండో రివ్యూకి 28 రోజులే, అది చాలామంది చూసుకోరు.

వాదనకు సాయం కావాలంటే విక్టోరియాలో సోషల్ సెక్యూరిటీ రైట్స్ విక్టోరియా ఉంది, ఉచితం. వాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు లెటర్లన్నీ తేదీల వరుసలో పెట్టి, ఏ ఆస్తికి వాళ్ళ అంకె ఎంత, మీ అంకె ఎంత, రుజువు ఏది అని ఒకే పేజీలో రాసుకుని వెళ్ళండి.

అమ్ముదామంటే కొనేవాడే లేడు, చేతిలో డబ్బు కూడా లేదు అనేవాళ్ళకు ఆస్తి హార్డ్‌షిప్ నిబంధన వేరే ఉంది. 22-ఏ భూములవాళ్ళు దాన్ని అడిగి చూడాలి. మీ పేరెంట్స్‌కి బ్యాంకులో, సూపర్‌లో ఉన్న డబ్బు చూస్తే అది వర్తించదు.

---

ఈసీ_అడంగల్:

అత్తగారి సంగతి తేలింది కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆవిడ పేరు ఉందో లేదో ముందు చూడండి. చాలా పాత వాటిల్లో పెళ్ళైన కూతుళ్ళ పేర్లు వదిలేసి ఉంటాయి. దిద్దించడానికి తహశీల్దారు ఆఫీసులో వారాలు పడుతుంది, మీ ఎనిమిది వారాల్లో అదే అన్నిటికంటే ఆలస్యమయ్యే కాగితం.